నొప్పుల నూనె

శనివారం పొద్దున గౌసియా వంటింట్లోకి వచ్చేసరికి తండ్రి నేల మీద కూర్చుని ఉన్నాడు. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు ముడిచి, అరికాళ్లు రెండూ చల్లటి టైల్సుకు అదిమిపెట్టి కళ్లు మూసుకున్నాడు. తల్లి హుస్సేనమ్మ ఆయన్ను దాటుకుంటూ అటూ ఇటూ తిరిగి ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది.

"రాత్రి కూడా నిద్రపోలేదా నాయనా?"

"పొయినాలే," అన్నాడు మీరావలి, కళ్లు తెరవకుండానే.

"ఏం పొయినాడు," అంది హుస్సేనమ్మ. "దుప్పటి అంచు తగిలినా నిప్పు తగిలినట్టు లేచి కూసుంటాండాడు. ఆయనకు కాళ్లు మంటలని ఏసీ పెంచి నన్ను చలికి వణికిస్తాండాడు."

"డాక్టర్ ఇచ్చిన కొత్త మాత్ర వేసుకున్నావా?"

"అది ఏసుకుంటే కళ్లు తిరుగుతాయమ్మా. మొన్న బాత్రూంలో పడబోయి గోడ పట్టుకున్యా. తుంటి ఇరిగితే మీకే కష్టం. దానికన్నా ఈ మంటే మేలు."

గౌసియా పక్కన కూర్చుని ఆయన పాదం చూడబోయింది. వేలు ఇంకా పూర్తిగా తగలనే లేదు, ఆయన కాలు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఆ కదలిక ఆమెకు బాగా తెలుసు. ల్యాబులో రోజూ చూసేదే. తీగ జాలీ మీద నిలబెట్టిన ఎలుక అరికాలికి అడుగునుంచి సన్నటి నైలాన్ పోగు తాకిస్తారు. నరాలు దెబ్బతిన్న ఎలుక సరిగ్గా ఇట్లాగే కాలు లాక్కుంటుంది. ఎంత సన్నటి పోగుకు లాక్కుంటే నొప్పి అంత ఎక్కువని లెక్క. మందు పడ్డాక అదే పోగుకు ఎలుక కదలకుండా నిలబడిన రోజు గౌసియాకు పండగ.

ఆ పండగలు ఆమె జీవితంలో తక్కువే. ప్రొద్దుటూరులో ఫార్మసీ చదివి, తండ్రి అబుదాబి దగ్గర ముసఫ్ఫా గ్యారేజీల్లో కార్లకు రంగులు కొడుతున్నాడన్న ధైర్యంతో ఈ దేశం వచ్చి, స్కాలర్‌షిప్ మీద అల్ ఐన్‌లో పీహెచ్‌డీలో చేరింది. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలిగా కుదిరింది. కరోనా వచ్చిన ఏడు ల్యాబులోకి మనుషుల్ని రానివ్వడం ఆపేశారు. షుగర్ తెప్పించి నెలల తరబడి సాకిన ఎలుకల్ని చూసుకునేవాళ్లు లేక చంపేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె కారులోనే కూర్చుని ఏడ్చి, ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకుంది. తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రాసిన పేపరు ఒక పత్రిక తిప్పి పంపితే ఇంకో పత్రికకు పంపింది, అదీ తిప్పి పంపితే ఇంకోదానికి. ఈ పనిలో పడి పెళ్లి చేసుకోలేదు. ఆ మాట ఎత్తడం హుస్సేనమ్మ కూడా ఎప్పుడో మానేసింది.

ఇంట్లో వాళ్లకు తెలిసింది ఒకటే: షుగర్ ఉన్నవాళ్ల నరాల మంటకు గౌసియా మందు కనిపెడుతోంది, అది మిరియాల్లోనూ లవంగాల్లోనూ ఉండే పదార్థం లాంటిది. అందులో అబద్ధం లేదు. కానీ ఆమె ఒక మాట వదిలేసి చెప్పింది. ఆ పదార్థం గంజాయి మొక్కలో కూడా ఉంటుంది. అది ఒంట్లో ఎక్కడికి వెళ్లి పనిచేస్తుందో శాస్త్రవేత్తలకు తెలిసింది కూడా గంజాయి మీద పరిశోధనల వల్లే. ఆమె చదివిన శాఖకు పేరు పెట్టింది ఆ మొక్కను బట్టే. కాన్ఫరెన్సుల్లో ఎంత పెద్ద హాల్లోనైనా తడబడకుండా పలికే ఆ పేరును ఇంటి గడప లోపల ఆమె ఎన్నడూ పలకలేదు.

బల్ల మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టేసరికి తమ్ముడు ముబారక్ లేచి వచ్చాడు. అతను దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో ఒక గోదాములో సూపర్‌వైజర్. అక్కడే గదిలో ఉంటాడు, వారాంతంలో అల్ ఐన్ వస్తాడు. ఆ పొద్దు మంచి హుషారుగా ఉన్నాడు. తండ్రిని చెయ్యి పట్టుకుని లేపి, తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నాయనా, ఇంగ నీ మంట ఖలాస్ అనుకో. ఈ పొద్దు సాయంత్రం సనావుల్లా దిగుతాడు. నీకు నూనె తెస్తాండాడు."

సనావుల్లా నెల్లూరువాడు, గదిలో ముబారక్ పక్క మంచం. తోటి పనివాళ్లతో కలిసి బ్యాంకాక్ చూడ్డానికి పోయి ఉన్నాడు.

"ఏం నూనె?" అంది గౌసియా.

"నొప్పుల నూనె."

"నొప్పుల నూనె బ్యాంకాక్ నుంచి తెప్పించాల్నా? కింద గ్రోసరీలో అడిగితే ఇస్తారే."

"ఇది పూసుకునేది కాదక్కా. నాలిక కింద సుక్కలు ఏసుకునేది. ఆడ మందులంగట్లో టీ పొడి అమ్మినట్టు అమ్ముతారంట."

గౌసియా నోటి దగ్గరికి తెచ్చిన చెంచా కిందికి దించింది.

"ముబారక్, కొంచెం బాల్కనీలోకి రా."

"ఏంటికి? ఈడనే చెప్పు. నాయన కోసమే గదా తెప్పిస్తాండేది."

"రమ్మన్నానా."

అతను లేవలేదు. పళ్లెం పక్కకు జరిపి అక్క ముఖంలోకి చూశాడు. ఇంతసేపూ ఉన్న హుషారు ముఖంలో లేదు.

"నీ పేపర్లు చదివినా అక్కా. సగం అర్థం కాలే, సగం అయినాది. నువ్వు ఇన్నేండ్లు చేస్తాండేది దాని మీదనే. ఎలుకలకు నొప్పి తగ్గిందని నువ్వే రాసినావు. ఇంట్లో నాయన రాత్రంతా వంటింట్లో నేల మీద కూసుంటాండాడు. నువ్వు పొద్దున లేచి, తలదువ్వుకొని పోయి ఎలుకలకు మందేసి వస్తాండావు. నీకేం అనిపియ్యలేదా?"

హుస్సేనమ్మ స్టవ్వు ఆర్పేసింది.

"ఆ సీసాలో ఏముండాది?" అన్నాడు మీరావలి.

"ఏం లేదు నాయనా, మూలికల నూనె."

"మీ అక్క మొకం చూస్తాంటే అట్ల లేదు. పాపా, నువ్వు చెప్పు."

గౌసియా తల్లి వైపు ఒకసారి చూసి చెప్పింది. "గంజాయి మొక్క నుంచి తీసిన నూనె నాయనా. అక్కడ అమ్ముతారు. ఇక్కడ అది నేరం. ఎయిర్‌పోర్టులో దొరికితే తెచ్చినవాణ్ని పట్టుకుంటారు."

ఆ ఇంట్లో ఆ మాట వినపడి పన్నెండేళ్లు దాటింది. మీరావలికి ఒక తమ్ముడు, నబీ రసూల్. అన్నదమ్ములిద్దరూ ముసఫ్ఫాలో ఒకే గ్యారేజీలో పనిచేసేవాళ్లు. నబీ రసూల్ సెలవుకు ఊరికి పోయి తిరిగొస్తుంటే, పక్క ఊరివాడొకడు దుబాయ్‌లో ఉన్న తన బామ్మర్దికి ఇవ్వమని పచ్చడి డబ్బా చేతిలో పెట్టాడు. పచ్చడి కింద గంజాయి పొట్లాలున్నాయి. నబీ రసూల్ ఎయిర్‌పోర్టులోనే దొరికిపోయాడు. నాకు తెలియదని కనపడినవాళ్లందరి కాళ్లూ పట్టుకున్నాడు. శిక్ష పడింది. కొన్నేళ్ల తర్వాత రంజాన్ నెలలో క్షమాభిక్ష పెట్టి వదిలేశారు. మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టడానికి వీల్లేదని చెప్పి ఊరికి పంపించేశారు. అతను లోపల ఉన్నన్నాళ్లూ మీరావలి ఒక్కసారి కూడా చూడ్డానికి పోలేదు. గ్యారేజీ మేనేజరు పిలిచి అడిగితే, వాడు చేసినదానికీ నాకూ సంబంధం లేదన్నాడు. సంచిలో పెట్టుకుని మోసుకొచ్చినోనికి లోపల ఏముందో తెలియదంటే నేను నమ్మనని ఇంట్లో ఒకసారి చెప్పాడు. ఆ తర్వాత తమ్ముడి పేరు ఎవరెత్తినా పళ్లెం ముందునుంచి లేచిపోయేవాడు.

ఇప్పుడు లేవలేదు. బల్ల మీద రెండు చేతులూ పెట్టి కూతుర్నే చూస్తున్నాడు.

"అయితే నువ్వు ఇన్నేండ్లు చేసేది గంజాయి పనా?"

"గంజాయి పని కాదు నాయనా. దాంట్లో శానా పదార్థాలుంటాయి. మత్తు ఎక్కించేది వేరే. నేను చూసేది నొప్పిని తగ్గించేది. దాంతో మత్తు రాదు."

"మిరియాలంటివే."

"మిరియాలూ నిజమే. అదే పదార్థం మిరియాల్లోనూ ఉంటాది."

"మరి రెండో మాట ఏంటికి చెప్పలే?" మీరావలి గొంతు పెంచకుండానే అడిగాడు. "ముసఫ్ఫాలో నాకు తెలిసిన ప్రతి గ్యారేజీలో చెప్పుకున్యా, నా బిడ్డ మందు కనిపెడుతాండాదని. మా గ్యారేజీ రహమతుల్లా కొడుకు పెండ్లిలో అందరి ముందర చెప్పినా. సదువుకున్నోళ్లు ఎంతమంది లోపల లోపల నవ్వుకున్యారో."

"ఎవరూ నవ్వరు నాయనా. ఇది సర్కారు అనుమతితో చేసే పని. ప్రతి మిల్లీగ్రామూ తూచి రాస్తాం. మందుండే బీరువా తాళం ఒక్కరి చేత తెరుచుకోదు, ఇద్దరుండాల."

"నా తమ్మున్ని మింగిన దాన్నే నా కూతురు పట్టుకొని కూసున్యాది. నేనేమో దాని అన్నం తింటాండా."

ఆ మాటకు హుస్సేనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గౌసియాకు కళ్లు మండాయి. అయినా ఆమె బుర్ర అప్పటికే ఇంకోవైపు పరుగెడుతోంది. తమ్ముడి వైపు తిరిగింది.

"సనావుల్లాకు ఏమని చెప్పినావు?"

"నొప్పుల నూనె అని."

"లోపల ఏముందో చెప్పినావా?"

ముబారక్ తల దించుకున్నాడు. "చెప్తే తేడని చెప్పలే."

"ఇంకేం చెప్పినావు?"

"ఎవరన్నా ఆపితే నీ పేరు చెప్పమన్నా. మా అక్క యూనివర్సిటీలో దీని మీదనే పరిశోధన చేస్తాది, ఆమె కోసమే తీసుకుపోతాండా అని. నీ నంబరు కూడా ఇచ్చినా. నీ పేరు చెప్తే వదిలేస్తారనుకున్యా అక్కా."

గౌసియా కుర్చీలోంచి లేచింది. తన పేరు మీద ఉన్న అనుమతులు, తనను నమ్మి బీరువా తాళాల్లో ఒకటి ఇచ్చిన ప్రొఫెసర్, తన కింద చదువుతున్న ముగ్గురు పిల్లలు, నెలల తరబడి సాకుతున్న కొత్త ఎలుకలు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. అన్నిటికన్నా ముందు సనావుల్లా కనపడ్డాడు. పోయిన రంజాన్‌కు ఇంటికొచ్చి, తన ఇద్దరు కూతుళ్ల ఫోటోలు హుస్సేనమ్మకు చూపించి పోయిన మనిషి.

"నా పేరు చెప్తే వదలరు ముబారక్," అంది. "వాణ్ని పట్టుకుంటారు. తర్వాత నాకోసం వస్తారు. ఫోన్ చెయ్ వానికి."

ముబారక్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఈసారీ ఎత్తలేదు. గౌసియా ఫోన్ లాక్కుని, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచి తనే నొక్కుతూ పోయింది. అక్కడ పగలు సగం గడిచి ఉంటుంది. ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడో, సామాను లోపలికి పంపేశాడో తెలియదు. నలుగురూ ఆ చిన్న తెరనే చూస్తున్నారు. హుస్సేనమ్మ పెదాలు కదులుతున్నాయి.

చాలాసార్ల తర్వాత సనావుల్లా ఎత్తాడు.

"ఏంది బాబాయ్ ఇన్ని కాల్స్? చార్జింగ్ పెట్టి స్నానానికి పొయినా. టాక్సీ కిందికి వచ్చేసింది."

"సనావుల్లా, నేను గౌసియాను. ముబారక్ తెమ్మన్న సీసా ఎక్కడుంది?"

"సూట్‌కేసులో అక్కా. కారిపోకుండా బట్టల్లో చుట్టి పెట్టా. మీ నాయనకేగా, జాగ్రత్తగానే తెస్తా."

"అది తీసి అక్కడే పారేయాల. హోటల్లోనే. అది గంజాయి నూనె."

అవతల నుంచి వచ్చిన గొంతు సనావుల్లాదేనా అనిపించేలా మారిపోయింది.

"నాకు తెలీదక్కా. అల్లా మీద ఒట్టు, నాకు తెలీదు. నూనె అన్నాడు, కొన్నా. నాకు పిల్లలున్నారక్కా. నాకేం తెలీదక్కా."

"నీకు తెలియదని నాకు తెలుసు. భయపడొద్దు. సూట్‌కేస్ తెరువు. నేను లైన్లోనే ఉంటా."

జిప్పు లాగిన శబ్దం, బట్టలు విసిరేస్తున్న శబ్దం వినపడ్డాయి. సీసా దొరికిందన్నాడు. బాత్రూంలో ఒంపేసి, సీసా హోటల్ చెత్తబుట్టలో వేశానన్నాడు. దాన్ని చుట్టిన చొక్కా కూడా పారేయమంది గౌసియా. చేతులు కడుక్కుని, సూట్‌కేస్ లోపల కూడా తుడవమంది. అన్నీ చేశాక కూడా అతను ఫోన్ పెట్టలేదు.

"నాకు తెలీదక్కా," అన్నాడు మళ్లీ. "తెలిస్తే ముట్టుకుంటానా?"

"తెలుసు సనావుల్లా. నువ్వు నిదానంగా రా. తప్పు మాది."

ఫోన్ పెట్టేశాక ముబారక్ కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు. పెద్దగా ఏడవలేదు, నోరు మూసుకుని వెక్కాడు. "నాయన కాళ్లు చూడలేక చేసినా అక్కా. అంతే. ఇంకేం లేదు." గౌసియా అతని పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేసింది. తిట్టాలనే అనుకుంది. తిట్లేవీ రాలేదు.

మీరావలి మెల్లగా లేచాడు. ఎవరితోనూ మాట్లాడకుండా, గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ తన గదిలోకి పోయాడు.

మధ్యాహ్నం అన్నానికి రాలేదు. గౌసియా పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు, కాళ్లు నేలకు ఆనించి. పళ్లెం తీసుకుని పక్కన పెట్టాడు.

"ఏంటికి చెప్పలే పాపా, ఇన్నేండ్లు?"

"చిన్నాయన పేరెత్తితేనే లేచిపోతాంటివి. ఈ మాట ఎట్ల చెప్పేది నాయనా? మొదట్లో పీహెచ్‌డీ అయినాక చెబుదామనుకున్నా. తర్వాత పేపరు వచ్చినాక అనుకున్నా. పోను పోను చెప్పడం కష్టమైపోయింది."

ఆయన తలాడించాడు. కొంతసేపటికి, అడగాలా వద్దా అన్నట్టుగా అడిగాడు.

"ఆ మందు నాకేస్తే తగ్గుతాదా?"

గౌసియా మంచం దగ్గర నేల మీద కూర్చుంది. "తెలియదు నాయనా. వయసులో ఉన్న ఎలుకలకు బాగా తగ్గింది. పోయిన సంవత్సరం ముసలివాటికి ఇచ్చి చూసినాం. సగమే తగ్గింది. కొన్నిటికి కాలేయం వాచింది. ఎందుకో ఇంకా తేలలేదు. అది తేలకుండా మనిషికి ఇయ్యకూడదు."

"ఊ."

"ముబారక్ అన్నాడే, నీకేం అనిపియ్యలేదా అని. ఆ బీరువా తాళం తీసిన ప్రతిసారీ నీ కాళ్లే గుర్తొస్తాయి. ఇంత జేబులో వేసుకొస్తే ఏమైతాదిలే అనిపించిన రోజులు కూడా ఉన్నాయి. కారులో కూర్చుని చేతులు చూసుకునేదాన్ని. తేలేదు. నీకేమన్నా అయితే నేను బతకలేను. దొంగతనంగా తెచ్చి నీకు పోసి, పొద్దున పోయి అదే మందు గురించి నలుగురికీ నిజం చెప్తాండానని ఎట్ల అనుకునేది నాయనా?"

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. మీరావలి కూతురి తల మీద చెయ్యి వేశాడు. థిన్నర్ వాసనతో, రంగులతో ఇన్నేళ్లూ గరుకుబారిన చెయ్యి.

"ఎప్పటికి తేలుతాది అది?"

"పదేళ్లు పట్టొచ్చు. అసలు తేలకనే పోవచ్చు. ఇన్నేళ్లు చేసి చివరికి పనికిరాదని తేలిన మందులు శానా ఉన్నాయి."

"తేలినా నాకందదు."

గౌసియా ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"పోనీలే," అన్నాడు మీరావలి. "ముసఫ్ఫాలో పొద్దస్తమానం నిలబడి పనిచేసే షుగరోళ్లు ఎంతమందో ఉండారు. వాళ్లలో ఎవరికన్నా అందనీ. పొద్దున నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు. నీ అన్నం నాకు ఇష్టంగానే పోతాది."

పళ్లెం ఒళ్లోకి తీసుకున్నాడు గానీ తినలేదు. అన్నం మెతుకుల్ని వేళ్లతో అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నాడు.

"సనావుల్లా దొరికింటే, వాడు తెలియదు తెలియదు అంటాంటే, ఎవరన్నా నమ్ముతాన్న్యారా పాపా?"

"నమ్మేవాళ్లు కాదు."

"మన ముబారక్ గాన పోయి, నేనే తెమ్మన్యా, వానికేం తెలియదు అని చెప్పింటే?"

"అప్పుడు కొంచెం నమ్మేవాళ్లేమో."

"నబీ రసూల్‌కు డబ్బా ఇచ్చినోడు చెప్పలే." ఆయన పళ్లెం పక్కన పెట్టాడు. "ఇచ్చినోడు చెప్పకపోతే పోయినాడు. తోడబుట్టినోన్ని నేనన్నా పోయి, నా తమ్ముడు అట్లాంటోడు కాదని చెప్పలే. తెలియకుండా ఎట్ల మోస్తాడని నేనే అంటి. ఈ పొద్దు సనావుల్లా మాట ఇంటాంటే అచ్చం వాడే మాట్లాడినట్టుండాది పాపా. అదే మాట. వానికి నిజంగానే తెలియదు."

గుమ్మంలో హుస్సేనమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. మీరావలి తలెత్తి చూశాడు.

"వాని నంబరు యాడన్నా దొరుకుతాదేమో కనుక్కో," అన్నాడు.

"కనుక్కునేదేముంది," అంది హుస్సేనమ్మ. "నా ఫోన్లోనే ఉండాది. ప్రతి పండక్కీ మాట్లాడతా. నువ్వు నిద్రపొయినాక."

భర్త ఏమంటాడోనని ఒక్క క్షణం ఆగింది. ఆయన ఫోన్ కోసం చెయ్యి చాచాడు. హుస్సేనమ్మ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి ఇచ్చింది.

నబీ రసూల్‌కు రాయచోటి రోడ్డు మీద చిన్న పంక్చర్ అంగడి ఉంది. ఫోన్ ఎత్తేసరికి వెనక లారీల మోత వినపడింది.

"వదినా, ఏంది పగలు చేసినావు? అంతా బాగుండారా?"

గౌసియా తండ్రి భుజం పట్టుకుంది.

"నేనురా," అన్నాడు చివరికి.

అవతల ఇనుప వస్తువేదో చేతిలోంచి జారి కింద పడిన చప్పుడయింది. లారీ ఒకటి పోయింది. దాని మోత తగ్గాక, చాలా మెల్లగా ఒక మాట వచ్చింది.

"అన్నా."

మళ్లీ నబీ రసూలే మాట్లాడాడు.

"కాళ్లు మంటలంట గదన్నా. వదిన చెప్పినాది. రాత్రిళ్లు నిద్ర లేదంట గదా."

అప్పుడు మీరావలి ఏడ్చాడు. కూతురి ముందూ భార్య ముందూ ఎన్నడూ ఏడవని మనిషి, ఫోన్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గుమ్మం దగ్గరికి వచ్చిన ముబారక్ అక్కడే ఆగిపోయాడు.

"నీకు తెలియదు గదరా. ఆ డబ్బాలో ఏముండాదో నీకు తెలియదు."

"నేను ఆ పొద్దే చెప్తి గదన్నా."

"చెప్తివి. నేనే ఇనలే. ఒక్కసారన్నా నిన్ను చూసేకి రాలే."

"పోనీలే అన్నా. నువ్వొచ్చింటే నీ పని కూడా పోతాండె. ఆ భయం నాకూ ఉన్న్యాది. రాకపోవడమే మేలనుకుంటి." మాట మార్చాడు. "గౌసియా ఎట్లుండాది? పెద్ద మందేందో చేస్తాండాదంట గదా."

మీరావలి కూతురి వైపు చూశాడు. ఆమె చూపు దించుకుంది.

"నా మాదిరి కాళ్ల మంటలోళ్లకు మందు," అన్నాడు. "ఆ మందు ఏ మొక్కలో ఉండాదో తెల్సునా? నిన్ను జైలుకు పంపిందే, దాంట్లోనే. నాకూ ఈ పొద్దే తెల్సింది."

అవతల నుంచి చాలాసేపు ఏ మాటా లేదు. ఇన్నేళ్లుగా గౌసియా భయపడింది ఈ నిశ్శబ్దానికే.

"మంచిదే గదన్నా," అన్నాడు నబీ రసూల్. "నా బతుకునైతే నాశనం చేసినాది. మన పాప చేతిలోనన్నా ఎవరికైనా పనికి రానీ. మధ్యలో ఇడిసిపెట్టొద్దని చెప్పు పాపకు."

గౌసియా దుపట్టాతో ముఖం కప్పుకుంది.

"నువ్వు ఈడికి రాలేవు గదరా," అన్నాడు మీరావలి.

"యాడ రానిస్తారన్నా నన్ను."

"నేనే వస్తా."

"ఆ కాళ్లతో ఎట్లొస్తావన్నా?"

మీరావలి మళ్లీ కూతురి వైపు చూశాడు. ఆమె ముఖం తుడుచుకుని తలూపింది.

"పాప పట్టుకొని పిల్చుకొస్తాది," అన్నాడు. "నువ్వు ఇంటికాడ ఉండు, చాలు."